ల్యాప్‌టాప్ మార్చేముందు మెమరీ చూడండి



ఇవాళ మనం ల్యాప్‌టాప్‌లో మెమరీ పెంచుకోవడం గురించి చెప్పుకుందాం. ‘అదంతా పిల్లలు చూసుకుంటారులే’ అని లేచి వంటింట్లోకి వెళ్ళిపోకండి. మిక్సీ ఎందుకు మూలుగుతోందో, గ్రైండరు బెల్టు ఎప్పుడు మార్చాలో తెలిసిన మనకు ఇదీ తెలుస్తుంది. పైగా ఇందులో వేల రూపాయల లెక్క ఉంది.

2020లో కరోనా వచ్చి బళ్ళు మూసేసినప్పుడు, ఆన్‌లైన్ పాఠాల కోసమని బెజవాడలోనూ, గుడివాడ, బందరు, తెనాలి వైపునా చాలా ఇళ్ళలో హడావిడిగా ల్యాప్‌టాప్‌లు కొన్నారు. చవకలో వచ్చినవాటిలో 4 జి.బి. మెమరీ ఉండడం మామూలు. అప్పటికి సరిపోయింది. మరి ఇప్పుడో? అమెరికాలో ఉన్న అమ్మాయితో వీడియోలో మాట్లాడుతూ పక్కన బ్యాంకు పేజీ తెరిస్తే చాలు, అమ్మాయి బొమ్మ బిగుసుకుపోతుంది. దుకాణానికి తీసుకువెళితే, ‘పాతబడిపోయిందండీ, కొత్తది తీసుకోండి’ అంటారు. ఆ మాట నిజమూ కావచ్చు, కాకపోనూవచ్చు. అది తేల్చుకోకుండా డబ్బు తియ్యకూడదు.

ముందు మెమరీ అంటే ఏమిటో చూద్దాం. ఫోటోలు, పెళ్ళి వీడియోలు దాచుకునే చోటని చాలామంది అనుకుంటారు. కాదు. దాచుకునే చోటు హార్డ్ డిస్కు, లేదా ఎస్.ఎస్.డి. అది మన ఇంటి అటకలాంటిది. మెమరీ, అంటే ర్యామ్, వంటగట్టు లాంటిది. అటక ఎంత పెద్దదైనా వంట అక్కడ చెయ్యం కదా! కావలసినవి దించుకుని గట్టు మీద పెట్టుకుని చేస్తాం. గట్టు ఇరుకైతే ఏమవుతుంది? కూర తరగాలంటే పప్పుగిన్నె అటకెక్కించాలి. పప్పుకి పోపు పెట్టాలంటే కూరలు పైన పెట్టి, గిన్నె మళ్ళీ దించాలి. ఎక్కడం, దిగడంతోనే పొద్దు గడిచిపోతుంది. మెమరీ చాలని ల్యాప్‌టాప్ చేసే పనీ ఇదే.

ఇప్పుడు మనం వాడే ఈ రకం మెమరీకి 1968లో పేటెంటు పొందినాయన అమెరికాలో ఐ.బి.ఎం. సంస్థలో పనిచేసిన రాబర్ట్ డెనార్డ్. కంటికి కనిపించనంత చిన్న అరల్లో విద్యుత్తు నింపి, దాన్నిబట్టి విషయం గుర్తుంచుకోవడం దాని పద్ధతి. ఆ విద్యుత్తు కారిపోతూ ఉంటుంది కాబట్టి యంత్రం క్షణం తీరిక లేకుండా మళ్ళీ మళ్ళీ నింపుతూ ఉంటుంది. స్విచ్చి ఆపితే గట్టు ఖాళీ. అంచేత ర్యామ్ మార్చినంత మాత్రాన మీ ఫోటోలు ఎక్కడికీ పోవు.

మరి లోపం మెమరీదేనని తెలిసేదెలా? విండోస్ ల్యాప్‌టాప్ అయితే, రోజూ వాడేవన్నీ తెరిచి ఉంచి, కంట్రోల్, షిఫ్ట్, ఎస్కేప్ మీటలు మూడూ కలిపి నొక్కండి. టాస్క్ మేనేజర్ వస్తుంది. అందులో పెర్ఫార్మెన్స్, దానిలో మెమరీ చూడండి. నూటికి 85, 90 దాటి అలాగే నిలిచి ఉంటే గట్టు ఇరుకైనట్టే. మెమరీ సగమే నిండి, డిస్కు మాత్రం నూటికి నూరు చూపిస్తుంటే తప్పు అటకది. లోపల తిరిగే పాత హార్డ్ డిస్కు ఉంటే, దాని బదులు ఎస్.ఎస్.డి. వేయిస్తే గుణం కనిపిస్తుంది. ఇవేవీ కాక, అడుగు కాలిపోతూ ఫ్యాను రొద పెడుతుంటే దుమ్ము చేరిందేమో చూపించండి. వేడెక్కిన యంత్రం తనంతట తానే వేగం తగ్గించుకుంటుంది. మన రోహిణీ కార్తె ఎండల్లో, అందులోనూ పరుపు మీద పెట్టుకుని వాడితే చెప్పనే అక్కర్లేదు. శుభ్రం చేయిస్తే పోయేదానికి మెమరీ కొనడం దేనికి?

మెమరీయే తక్కువని తేలిందనుకోండి. పెంచడానికి వీలుందా? అదే పేజీలో ‘స్లాట్స్ యూజ్డ్’ అని ఉంటుంది. రెండింటిలో ఒకటే వాడుకలో ఉందంటే ఇంకొకటి ఖాళీ అన్నమాట. అయితే పలచని ల్యాప్‌టాప్‌లు చాలావాటిలో మెమరీని బోర్డుకే అతికించేస్తారు. 2020 చివరి నుంచి ఆపిల్ సొంత చిప్పుతో వచ్చిన మాక్‌బుక్‌లకు మెమరీ పెంచే వీలే లేదు. అమెరికా నుంచి అబ్బాయి తెచ్చింది అలాంటిదైతే, పెంచుతామని ఎవరన్నా డబ్బివ్వకండి. ఏ ల్యాప్‌టాప్ అయినా అడుగున ఉన్న మోడల్ నంబరు రాసుకుని, కంపెనీ వెబ్‌సైటులో ఎంతవరకు పెంచవచ్చో చూసుకోండి.

ఇక రకాలు. డి.డి.ఆర్.3, 4, 5 అని ఉంటాయి. ఒకదాని గాడి ఇంకొకదానికి కుదరదు. మూడు లీటర్ల కుక్కరు గాస్కెట్ అయిదు లీటర్లదానికి పట్టదు కదా, అలాగే. బల్లమీద పెట్టే కంప్యూటరుది పొడుగ్గా ఉంటుంది, అదీ పనికిరాదు. ఉత్తరాలు, బిల్లులు, వీడియో మాటలకు 8 జి.బి. చాలు. ఇంజనీరింగు చదివే పిల్లలుంటే 16 మంచిది. రెండు స్లాట్లలోనూ సమానమైనవి వేస్తే ఇంకాస్త చురుగ్గా పనిచేస్తుంది.

ధర సంగతి జాగ్రత్త. కృత్రిమ మేధ కోసం కడుతున్న పెద్ద పెద్ద డేటా కేంద్రాలకు మెమరీ చిప్పులు తరలిపోవడంతో 2025 చివరి నెలల్లో ధరలు అమాంతం పెరిగాయి. పక్కింటివాళ్ళు రెండేళ్ళ కిందట ఇచ్చిన ధర ఇప్పుడు లెక్కకు రాదు. బీసెంట్ రోడ్డులో చీర కోసం నాలుగు దుకాణాలు తిరిగే మనం దీనికి రెండు దుకాణాలైనా అడగలేమా? ఇంకొక మాట. విండోస్ 10కి మైక్రోసాఫ్ట్ ఇచ్చే మామూలు మద్దతు 2025 అక్టోబర్ 14తో ముగిసింది. మీ ల్యాప్‌టాప్ విండోస్ 11కి తగనంత పాతదైతే, మెమరీ మీద డబ్బు పోసే ముందు బాగా ఆలోచించండి.

పని చేయించేటప్పుడు ఇవి మరిచిపోకండి. ముఖ్యమైన ఫోటోలు, కాగితాలు ముందే ఇంకొకచోట కాపీ చేసుకోండి. మెమరీ వేయడానికి మీ పాస్‌వర్డ్ ఎవరికీ అక్కర్లేదు, చెప్పకండి. యంత్రం వదిలిపెట్టి రాకుండా ఎదురుగా కూర్చుని చేయించుకోండి. ఛార్జరు తీసి, పూర్తిగా ఆపి, లోపల బ్యాటరీ తీగ ఊడదీశాకే చెయ్యి పెట్టాలి. ర్యామ్‌ను అంచులు పట్టుకుని, ఏటవాలుగా దూర్చి, పక్క క్లిప్పులు టక్కుమనేదాకా నొక్కుతారు. కాసేపట్లో అయ్యే పని. తీసేసిన పాత ర్యామ్ మీది, అడిగి తీసుకోండి. వారంటీ రాసిన బిల్లు తీసుకోండి. పాస్‌వర్డ్ మీరే కొట్టి, టాస్క్ మేనేజర్‌లో కొత్త అంకె చూసుకున్నాకే డబ్బివ్వండి.

మన అమ్మలు ఇత్తడి గిన్నెకు కళాయి పోయిందని గిన్నె పారేసేవారు కాదు, కళాయి వేయించేవారు. అలాగని అడుగు చిల్లుపడ్డ గిన్నెకు కళాయి వేయించేవారూ కాదు. ఏ గిన్నె ఏదో చూసి చెప్పగలిగే కన్ను వాళ్ళకుండేది. ల్యాప్‌టాప్ విషయంలోనూ మనకు కావలసింది ఆ కన్నే. ఈ సాయంత్రం తీరికయ్యాక ఆ మూడు మీటలూ నొక్కి చూడండి. సెలవు.