క్రీససు ప్రశ్న



లిడియారాజగు క్రీససు తన ధనాగారమును ఏథెన్సు శాసనకర్తయగు సోలనునకు చూపించి, లోకమున మిక్కిలి ధన్యుడెవడని అడిగెనట. తన పేరే వినవచ్చునని రాజు ఆశ. సోలను “టెల్లసు” అనెను. టెల్లసు రాజు కాడు, ఏథెన్సు పౌరుడు. బిడ్డలు యోగ్యులైరి, మనుమలందరును బ్రతికియుండగా కన్నులార చూచుకొనెను, తుదకు ఎల్యూసిసు యుద్ధమున శత్రువులను తరిమి నేలకొరిగెను. పడినచోటనే ప్రజలు సమాధి కట్టించిరి.

రాజునకు కోపము వచ్చెను. సోలను లెక్క చెప్పెను: డెబ్బది యేండ్ల ఆయువున, అధికమాసములతో కూడ, 26,250 దినములు, ఒక దినము మరియొకదానిని పోలదు. బ్రతికియున్నవానిని అదృష్టవంతుడనవచ్చును గాని, అంతము చూడక ధన్యుడనరాదు.

ఇది హెరొడోటసు చెప్పిన కథ. వీరిరువురి కాలములు పొసగవని చరిత్రకారులు పలువురు సందేహింతురు. గ్రీకులు మాత్రము కథను విడువలేదు.

పిమ్మట క్రీససు కుమారుడు వేటలో, తనకు రక్షకుడుగా వచ్చినవాని యీటె తగిలియే మరణించెను. క్రీ. పూ. 546 ప్రాంతమున పారశీకరాజు సైరసు సార్డిసు నగరమును పట్టుకొనెను. చితిపై క్రీససు నోట మొదట వెలువడినది దేవుని నామము కాదు. “సోలను” అని ముమ్మారు. ఆ పేరెవరిదని సైరసు దుబాసీలచే అడిగించెను. విని, తానును మనుష్యుడనే కదా యని తలచి, నిప్పార్పుడని ఆజ్ఞాపించెను. అప్పటికే చితి అంచులు మండుచున్నవి.