ఫోను బడికొచ్చింది, మనమూ బడికి పోదాం

(మండల సమాఖ్య వార్షిక సర్వసభ్య సమావేశంలో చేసిన ప్రసంగం)



ప్రతి ఏడూ ఈ సభలో పొదుపు ఎంత, బ్యాంకు లింకేజీ ఎంత, స్త్రీనిధి కిస్తీలు ఎన్ని కట్టినం అని చెప్పుకుంటాం. ఈసారి మమ్మల్ని బడి గురించి మాట్లాడమన్నారు. 2024లో మన తెలంగాణలో సర్కారు బడులకు అమ్మ ఆదర్శ పాఠశాల కమిటీలు వేశారు. గ్రామ సంఘం అధ్యక్షురాలే కమిటీకి అధ్యక్షురాలు, పెద్దసారు కన్వీనరు. అంటే బడి మంచిచెడ్డలు చూసుకోవడం ఇప్పుడు మన పని కూడా. చిన్న పిల్లల బడిలో ఫోను, టీవీ ఎట్లా వాడాలో మేము నేర్చుకున్నది చెప్తాం. మా తప్పులతో సహా చెప్తాం.

ముందు తప్పు సంగతి. 2020 మార్చిలో కరోనా వచ్చి బడులు మూసేశారు. సెప్టెంబర్ 1 నుంచి దూరదర్శన్ యాదగిరిలో, టీ-సాట్‌లో పాఠాలు మొదలైనయి. అవి మూడో తరగతి నుంచి పై పిల్లలకు. ఒకటి, రెండు తరగతుల వాళ్లకు అవి కూడా లేవు. మా సంఘాల్లో చాలామందిమి అప్పు తెచ్చి ఫోన్లు కొన్నాం. ఇంటికి ఒక్క ఫోను, చదివే పిల్లలు ఇద్దరు ముగ్గురు. ముందు కొడుకు చేతికిచ్చినం. బిడ్డను "నువ్వు గిన్నెలు తోము, తమ్ముడు చూసినంక చూద్దువుగాని" అన్నాం. తమ్ముడు చూడడం అయ్యేసరికి ఛార్జింగ్ అయిపోయేది. ఈ మాట చెప్పడానికి మాకు సిగ్గుగానే ఉంది. కానీ ఇక్కడున్న చాలామంది ఇండ్లల్లో ఇదే జరిగింది కదా అక్కా?

2021 సెప్టెంబర్ 1న చిన్న తరగతులు మళ్లీ తెరిచారు. అప్పటికి పిల్లలు బడి మొహం చూసి ఏడాదిన్నర అయింది. మూడో తరగతిలో కూర్చున్న పిల్లలకు గుణింతాలు రావు, ఒత్తులు రావు. ఫోనులో ఆట ఎక్కడుందో మాత్రం అందరికీ తెలుసు. ఫోను చేతిలో ఉంటే చదువు అదే వస్తదనుకున్నాం. చదువు రాలేదు, ఫోను అలవాటు మాత్రం వచ్చింది. 2022 ఆగస్టు 15న తొలిమెట్టు కార్యక్రమం పెట్టి, ఒకటి నుంచి ఐదు తరగతుల పిల్లలకు చదవడం, రాయడం, లెక్కలు మొదటి నుంచి నేర్పడం మొదలుపెట్టారు. టీచర్లు పక్కన కూర్చుని చెప్తేనే మా పిల్లలు మళ్లీ దారిలో పడ్డారు.

కమిటీ వేసినాక మేము బడికి పోయి చూస్తే గోడకు టీవీ ఉంది, దాని మీద దుప్పటి కప్పి ఉంది. రిమోటు బీరువాలో ఉంది. ఎందుకు సారూ అని అడిగితే, "చెడిపోతే ఎవరు కట్టాలమ్మా" అన్నారు. మాకు కోపం రాలేదు. సంఘానికి వచ్చిన కుట్టుమిషన్‌ను పాడైతదని మనం కూడా ఆరు నెలలు మూలకు పెట్టలేదా? ఆ నెల మీటింగులోనే తీర్మానం రాశాం: పాఠానికి వాడుతుంటే చెడిపోయిన వస్తువుకు టీచర్ల మీద మాట రావద్దు, బాగు చేయించే సంగతి కమిటీ చూసుకోవాలి. అందరం సంతకాలు చేశాం, వేలిముద్రలు వేశాం. మర్నాడే దుప్పటి తీశారు.

బడిలో నెట్ లేదు. మన పిల్లల పుస్తకాల్లో పాఠాల దగ్గర నల్ల గళ్ల డబ్బాలు చూసే ఉంటారు. వాటిని క్యూఆర్ కోడ్ అంటారు. దీక్షా యాప్‌తో ఆ డబ్బాను చూపిస్తే ఆ పాఠం వీడియోలు తెరుచుకుంటయి. టీచరమ్మ ముందురోజు ఇంటి దగ్గరే వీడియో దింపుకుని, పెన్‌డ్రైవులో తెచ్చి టీవీకి పెడుతుంది.

మేము తరగతి వెనక కూర్చుని చూశాం. మొదటి రోజు వీడియో అరగంట ఆపకుండా నడిచింది. పిల్లలు బొమ్మల్లా కూర్చున్నారు. అయిపోయినాక ఏం చూశారురా అంటే ఒక్కరూ సరిగ్గా చెప్పలేదు. ఆ సంగతి టీచరమ్మ కూడా కనిపెట్టింది. తర్వాత గింజ మొలకెత్తే పాఠం. ఈసారి సగంలో ఆపి, "ముందు వేరు వస్తదా, ఆకు వస్తదా?" అని అడిగింది. పిల్లలు రెండు జట్లయి వాదులాడుకున్నారు. పెసలు తడిగుడ్డలో కట్టి కిటికీలో పెట్టించింది. వేరు ముందు బయటికొచ్చిన రోజు గెలిచిన జట్టు అరుపులు వీధిదాకా వినిపించినయి. వీడియో నడిచింది పది నిమిషాలే. మిగతా చదువంతా మాటతోటి, చేతితోటి జరిగింది.

ఇంకో సంగతి. మా బడిలో టీచర్లు ఇద్దరు, తరగతులు ఐదు. ఒక టీచరు ఒకే గదిలో రెండు మూడు తరగతులు చూడాలి. ఒక తరగతికి చెప్తుంటే మిగతా పిల్లలు ఊరికే కూర్చుంటారు. అక్కడ ఫోను పనికొచ్చింది. రీడ్ అలాంగ్ అనే గూగుల్ యాప్‌లో తెలుగు కథలున్నయి. పిల్ల బయటికి చదువుతుంటే అది విని, ఆగిన చోట అందిస్తుంది. ఒకసారి కథలు దింపుకుంటే నెట్ లేకున్నా నడుస్తుంది. నలుగురికి ఒక ఫోను, వంతులవారీగా చదువుతారు. ఆడపిల్ల వంతు ఎవరూ తీసుకోవద్దని టీచరమ్మ గట్టిగా చెప్పింది. మన పిల్లల యాస కొన్నిసార్లు ఆ యాప్‌కు పట్టదు. అందుకే టీచరమ్మ చివర ఒక్కొక్కరితో పుస్తకం చదివించి చూస్తుంది. ఈ వరుస తప్పితే మళ్లీ కరోనా నాటి కథే అయితది.

2023లో యునెస్కో నివేదిక కూడా ఇదే చెప్పిందని మాకు టీచరమ్మ వివరించింది. సాంకేతికత టీచరుకు తోడుగా ఉండాలి తప్ప టీచరు స్థానంలోకి రావద్దని అందులో ఉందట.

ఇక ఇంటి సంగతి. మా సభ్యురాలు ఒక అక్క కిస్తీ పైసలు ఫోనులోనే పెట్టుకుంది. ఆమెకు అక్షరాలు రావు. ఎవరికన్నా పైసలు కొట్టాలంటే ఐదో తరగతి కొడుకే కొట్టేవాడు, పిన్ నంబరు వాడికే తెలుసు. పిల్లగాడు ఆటలో ఏవో కొనుక్కుంటూ పోయాడు. కిస్తీ రోజు చూస్తే ఖాతాలో ఏమీ లేదు. అక్క మీటింగులో కూలబడి ఏడ్చింది. ఆ నెల కిస్తీ మేము సర్దాం, ఆమె మూడు నెలల్లో తిరిగి కట్టింది. పిల్లగాణ్ని ఎవరమూ కొట్టలేదు. వాడి చేతికి పిన్ ఇచ్చింది మనమే కదా. ఆ తర్వాత రెండు మీటింగుల్లో వీవోఏ అందరికీ పిన్ మార్చుకోవడం, ఖాతాలో ఎంతుందో చూసుకోవడం నేర్పింది. ఎవరన్నా మోసం చేసి పైసలు లాగితే వెంటనే 1930కి ఫోన్ చేయాలని కూడా చెప్పింది.

అన్ని గ్రామ సంఘాలను మేము అడిగేది ఇంతే.

1. నెలకోసారి బడికి పోయి తరగతిలో కాసేపు కూర్చోండి. టీవీ ఉందా అని కాదు, ఈ వారం ఏ పాఠానికి పెట్టారు, మధ్యలో ఆపి పిల్లలను ఏం అడిగారు అని అడగండి.

2. వస్తువు చెడిపోతదని దాచిపెట్టకుండా కమిటీ తరఫున తీర్మానం రాయండి.

3. ఇంట్లో ఫోనులో చదివే వంతు కొడుకుకు, బిడ్డకు సమానంగా పెట్టండి. అన్నం తినేటప్పుడు, పండుకునేటప్పుడు ఫోను అమ్మ దగ్గరే ఉండాలి.

4. పిన్ నంబరు పిల్లలకు చెప్పొద్దు. రాకపోతే మీటింగులో నేర్చుకోండి, సిగ్గుపడొద్దు.

5. మీకు చదువు రాకపోయినా సరే, రోజూ పిల్లను పక్కన కూర్చోబెట్టుకుని వేలు పెట్టి ఒక పేజీ చదివించుకోండి. ఎక్కడ ఆగుతుందో మీకే తెలుస్తుంది.

పోయిన నెల మా మీటింగులో తీర్మానాల పుస్తకం నాలుగో తరగతి చదివే ఒక బిడ్డతో చదివించాం. "సమాఖ్య" దగ్గర ఆగింది. కూడబలుక్కుని మళ్లీ చదివింది. వాళ్లమ్మ వేలిముద్ర వేసే మనిషి. "నా బిడ్డ ఆగినా దాటింది చూడు" అని పక్కనున్న అక్కతో అన్నది. ఆ మాట మేమందరం విన్నాం.

వచ్చే ఏడు సభకు ప్రతి గ్రామ సంఘం కిస్తీల లెక్కతో పాటు, తమ బడిలో మూడో తరగతి పిల్లలు ఎంతమంది, అందులో తెలుగు చదవగలిగేవాళ్లు ఎంతమంది అనే లెక్క కూడా తేవాలని కోరుతున్నాం. మేము మా లెక్క తెస్తాం.