ప్రమాణాల చాటున అడ్డుగోడలు

(ఈపూరులో పాల ఉత్పత్తిదారుల సహకార సంఘాల అధ్యక్షులు, కార్యదర్శుల సమావేశంలో ఒక సహకార ఇన్‌స్పెక్టర్ చేసిన ప్రసంగ పాఠం)



సంఘాల లెక్కలు తనిఖీ చేసుకునే మనిషికి విదేశీ వ్యాపారం సంగతులెందుకని కొందరికి అనిపించవచ్చును. వెన్న శాతం ఒక్క గీటు తగ్గితే పాల ధర ఎంత తగ్గుతుందో మీకు నేను చెప్పనక్కరలేదు. ఆ గీటు ఎక్కడ గీయాలో నిర్ణయించేవాడి చేతిలోనే బేరమంతా ఉంటుంది. దేశాల మధ్య కూడా ఇదే తంతు.

1995లో ప్రపంచ వాణిజ్య సంస్థ ఏర్పడిన తరువాత దిగుమతి సుంకాలను ఇష్టం వచ్చినట్లు పెంచే వీలు ప్రభుత్వాలకు తగ్గింది. ఆరోగ్యం పేరిట ప్రమాణాలు పెట్టుకునే హక్కు మాత్రం మిగిలింది. దానికి శాస్త్రీయ ఆధారం చూపాలని ఒప్పందం. సుంకమైతే అంకె కనబడుతుంది; ప్రమాణం అలా కాదు, సరకు రేవు చేరిన తరువాత గాని అడ్డు తెలియదు.

మన పాలకే వర్తించే ఉదాహరణ చెబుతాను. వేరుశనగ చెక్క, పత్తి గింజల చెక్క చెమ్మ తగిలి బూజు పడితే అఫ్లాటాక్సిన్ అనే విషం పుట్టవచ్చును. గేదె ఆ దాణా తింటే కొంత భాగం ఎం1 రూపంలో పాలలోకి దిగుతుంది. కాచినా పోదు. కిలో పాలలో ఇది 0.5 మైక్రోగ్రాము మించరాదని 2001లో కోడెక్స్ అనే అంతర్జాతీయ ఆహార ప్రమాణాల సంఘం నిర్ణయించింది. మన దేశంలోనూ, అమెరికాలోనూ అదే హద్దు. ఐరోపా సమాఖ్య హద్దు 0.05, అంటే పదో వంతు! ఈ రెండు హద్దుల మధ్య కాలేయ క్యాన్సర్ ప్రమాదంలో తేడా బహు స్వల్పమని అదే ఏడాది అంతర్జాతీయ నిపుణులు లెక్క కట్టారు. అయినా ఐరోపా తన గీటు మార్చలేదు. తమ ప్రజల ఆరోగ్యం మీద వారి శ్రద్ధను తప్పుపట్టను. దాని ఖర్చు మాత్రం ఈ బూజు ఎక్కువగా పట్టే వేడి దేశాల రైతు మీదనే పడుతున్నది.

అట్లాగని ప్రతి ప్రమాణమూ మోసమనుకోకండి. 2003లో మన దేశపు మిరప సరకులో సూడాన్ రంగు బయటపడితే, పరీక్ష పత్రం లేనిదే మిరప రానివ్వమని ఐరోపా అన్నది. అది న్యాయమే. బూట్ల పాలిష్‌కు వాడే రంగును కారంలో కలిపినవాడు పల్నాటి మిరప రైతు పొట్ట కూడా కొట్టాడు.

మనమూ ఈ ఆయుధం పట్టినవాళ్లమే. నెమరువేసే పశువుల రక్తమాంసాలతో చేసిన దాణా ఎన్నడూ తినని పశువుల పాలేనన్న ధ్రువపత్రాన్ని 2003 నుంచి దిగుమతి పాల ఉత్పత్తులకు అడుగుతున్నాం. ఇది శాస్త్రం కాదు, అడ్డుగోడ అని అమెరికా వాదన. ప్రజల మతవిశ్వాసాల విషయమని మన ప్రభుత్వ వాదన. నా మట్టుకు రెండింటిలోనూ నిజమున్నది. రెండు గేదెల పాలు పోసే మన సభ్యురాలు వేల ఆవుల డెయిరీతో ధరలో పోటీ పడలేదు. ఆ పత్రం ఆమెకు నీడ. ఆ నీడ ఎల్లకాలం ఉంటుందన్న హామీ లేదు. బర్డ్ ఫ్లూ పేరు చెప్పి అమెరికా కోళ్ల మాంసాన్ని ఆపితే, ఆధారం చాలదని 2015లో వాణిజ్య సంస్థలో మన మీదనే తీర్పు వచ్చింది.

కనుక వానలు పడేలోగా చెక్క బస్తాలను నేల మీద కాక ఎత్తు పలకల మీద పెట్టించండి. బూజు వాసన వేసిన బస్తాను ఎండబెట్టి మేపవచ్చునన్న మాట నమ్మకండి; తడి పోతుంది గాని విషం అంతా పోదు. సంఘం తరఫున దాణా కొనేటప్పుడు అఫ్లాటాక్సిన్ పరీక్ష నివేదిక అడిగి తీసుకుని కొనుగోలు ఫైలులో ఉంచండి. ఈసారి తనిఖీకి వచ్చినప్పుడు నగదు పుస్తకం కంటే ముందు ఆ కాగితమే అడుగుతాను.