ఓడ నక్షా చేసిన వాదన

1789లో లండన్‌లో అచ్చయిన ఒక ఓడ నక్షా బ్రిటన్‌లో కరపత్రాల్లోకి, ఇళ్ల గోడల మీదికి ఎక్కింది. లివర్‌పూల్‌కు చెందిన బ్రూక్స్ అనే ఓడ అది. ఆఫ్రికా తీరంలో బానిసలను ఎక్కించుకుని అట్లాంటిక్ దాటించడం దాని పని. నక్షా తొలి రూపం అంతకు కొద్దికాలం ముందు ప్లిమత్‌లో వెలువడింది. బానిసల వ్యాపారాన్ని నిషేధించాలని కోరే లండన్ సంఘం దాన్నే విస్తరించి అచ్చువేయించింది.

పైనుంచి చూసినట్టు గీసిన ఓడ అరలు, వాటిలో సందు లేకుండా వరుసల్లో పడుకోబెట్టిన చిన్న చిన్న మనుషుల బొమ్మలు. కొరడా లేదు, నెత్తురు లేదు. ఓడలు కట్టేవారు గీసుకునే ప్లాను పద్ధతే. దాని బలమంతా అక్కడే ఉంది. ఏడిపించే చిత్రాన్ని ఎదుటి పక్షం కల్పన అని కొట్టిపారేయగలదు. కొలతను కాదనాలంటే మళ్లీ కొలవాలి. ఒక్కో మగవాడికి కేటాయించిన చోటు 6 అడుగుల పొడవు, 1 అడుగు 4 అంగుళాల వెడల్పు.

1788 నాటి చట్టం ప్రకారం ఈ ఓడ 454 మందిని ఎక్కించుకోవచ్చు. అంతకుముందు ఒకసారి 609 మందిని మోసిందని నక్షాతో పాటు అచ్చయిన వివరణ చెబుతుంది. అంటే కళ్లెదుట కనిపించే ఇరుకు దాదాపు చట్టం ఒప్పుకున్న ఇరుకే! దాంట్లోనే మరో నూట యాభై మంది ఎక్కడ పట్టారన్నది చూసేవారే ఊహించుకోవాలి. ముగింపు వాక్యాన్ని బొమ్మ రాయలేదు, చూపరికి వదిలేసింది. తనంతట తాను తేల్చుకున్న మాటను ఎవరూ తేలిగ్గా వదులుకోరు.

అయితే ఇదంతా బొమ్మ ఒక్కటే చేసిన పని కాదు. పక్కన అంకెలు లేకపోతే అది దూరం నుంచి ఏదో అద్దకం నమూనాలా కనిపించేది. లోపం మరొకటీ ఉంది. ఆ మనుషులంతా ఒకే అచ్చులో పోసినట్టుంటారు. పేరు లేదు, ఊరు లేదు. ఇలాంటి ఓడల్లో తిరుగుబాట్లు జరిగాయని ఆ నక్షా చూసి ఎవరూ అనుకోలేరు. బానిసత్వం అనుభవించిన ఓలౌడా ఈక్వియానో ఆత్మకథ అదే ఏడాది లండన్‌లో వెలువడింది. నక్షాలో లేని గొంతు అందులో వినిపించింది.

బ్రిటిష్ పార్లమెంటు బానిసల వ్యాపారాన్ని నిషేధించింది 1807లో, నక్షా అచ్చయిన 18 ఏళ్లకు. ఆ నక్షాను నిలబెట్టింది కొలతే కాబట్టి, రేపు మనం గ్రాఫు గీసినా, పటం ముద్రించినా, అందులోని కొలత ఎవరు తీసిందో, ఎప్పటిదో దాని కిందే రాయాలి.