ఇంట జూచు నాట్యము

మా మరిపెడకు ఉత్తరముగా పాలంపేటలో 1213 నాటి రామప్పగుడి యున్నది. అందు నర్తకుల భంగిమలు నేటికిని కనబడును. అయిన నొక భంగిమనుండి మఱియొకదానికి నర్తకుడెట్లు సాగెనో రాయి చెప్పజాలదు. అందుచేతనే పేరిణిని మరల నిలుపుటకు నటరాజ రామకృష్ణగారు ఆ శిల్పములను, జాయపసేనాని నృత్తరత్నావళిని ముందిడుకొని మిక్కిలి శ్రమింపవలసివచ్చెను.

కూచిపూడికి అంత యిబ్బంది లేదు. వేదాంతం సత్యనారాయణశర్మగారు 2012లో కీర్తిశేషులైరి. అయినను భామాకలాపమున వారి సత్యభామ వీడియోలలో నేటికిని మన యిండ్లకు వచ్చుచున్నది. తెర యీవలకు జడ వ్రేలవేసి ప్రవేశించు ఘట్టము నెన్నిమాఱులు చూచితినో! ఆ వేషధారి పురుషుడన్న మా మనుమరాలు నమ్మదు.

ఒక్క లోపము మాత్రము చెప్పితీరవలెను. కొన్నిటిలో కెమెరా ముఖమునే వెంబడించును. అభినయము దక్కును గాని అడుగులు కనబడవు. గజ్జెల చప్పుడు విని వాని నూహించుకొనవలెను. సభలో కూర్చున్నవాడు ముఖమును, పాదమును, తాళము వేయు సూత్రధారుని తానే యెంచుకొని చూచును. ఇంట మనకై మఱియొకడు ఎంచిపెట్టును. నేర్వగోరు బాలిక కా పాదములే గదా కావలసినవి! కావున చిత్రించువారు ఒక్క కెమెరానైన కదల్పక, వేదిక యంతయు కనబడునట్లు తుదివఱకు నిలిపియుంచవలెనని నా మనవి.