పెరటిలో ఆఫ్రికా డైజీలు: పెంపకము, పోషణము
(సంఘ సమావేశమున చేసిన ప్రసంగ పాఠము)



ఈ నెల సమావేశమున పూలమొక్కలను గూర్చి నాలుగు మాటలు చెప్పవలసినదిగా మహిళా విభాగమువారు మమ్ము కోరియున్నారు. మేము పండితులము కాము, వృక్షశాస్త్రము చదివినవారమును కాము. పదవ తరగతితో చదువు చాలించి, హోసూరు బజారులో విత్తనములు, ఎరువులు అమ్ముకొని జీవించు వర్తకులము. అయినను మొక్కలు కొన్నవారును, కొన్న మొక్కలు చచ్చినవారును మా దుకాణమునకే వచ్చుచుందురు గనుక, ఆ అనుభవమునుండి చెప్పదగినది కొంత కలదు. దానిని మీ ముందుంచెదము.

ప్రతి సంవత్సరము ఆశ్వయుజ కార్తికముల వానలలో మాకు ఒకే విధమైన మొర వినవచ్చును. “పండుగకు నర్సరీనుండి జెర్బెరా కుండీ తెచ్చితిమి. నిన్నటివరకు నిండుగా పూసినది. నేడు తలవ్రాల్చినది. మందేదైన ఇయ్యుడు” అని అడుగుదురు. చెట్టు నడిమిని వ్రేలితో తాకి చూచినచో మెత్తబడియుండును. ఆకును పట్టుకొనిన ఊడి చేతికి వచ్చును. అప్పటికి దానికి మందు లేదు. ఉన్నదని చెప్పి ఒక పొడి పొట్లము కట్టి ఇచ్చుట వర్తకునకు సులభమే కాని, కొన్నవారికి మొక్కతోపాటు మందు డబ్బును దండుగయగును. ఆ తరువాత వారు “పరదేశపు మొక్క మనయింట బ్రదుకదు” అని తీర్మానించుకొందురు. ఆ తీర్మానము తప్పని చూపుటయే నేటి మా ప్రసంగమునకు ముఖ్యోద్దేశము.

ముందుగా పేరును గూర్చి ఒక మాట. “ఆఫ్రికన్ డైజీ” యను పేరుతో బజారులో ముఖ్యముగా మూడు మొక్కలు అమ్ముచున్నారు. మొదటిది జెర్బెరా. ఇది ఏండ్లతరబడి బ్రదుకు చెట్టు. రెండవది డైమార్ఫోథికా. దీనిని విత్తనపు పొట్లముగా అమ్ముదురు. ఇది ఒక్క చలికాలము పూసి ముగియును. మూడవది ఆస్టియోస్పెర్మం. చల్లని ప్రదేశములలో బాగుగా పెరుగును, ఊటీ వంటి చోట్ల శోభించును, మైదానపు వేసవికి తాళదు. ఈ మూడింటికిని పోషణ వేరు. ఒకదానికి చెప్పిన మాట మరియొకదానికి పట్టించినచో నష్టము కలుగును. కావున కొనునపుడు ఏ మొక్కయో అడిగి తెలిసికొనుడు.

మన యిండ్లలో ఎక్కువగా ఉన్నది జెర్బెరా. దాని పుట్టిల్లు దక్షిణాఫ్రికాలోని బార్బర్టన్ ప్రాంతము. 1880 దశకమున అచ్చట బంగారు గనులు బయల్పడి జనులు గుంపులుగా పోయిరి. ఆ రోజులలో రాబర్ట్ జేమ్సన్ అను నతడు ఈ మొక్కను సేకరించెను. ఆ జేమ్సన్ పేరును, అంతకు పూర్వము 1743లో కాలధర్మము చెందిన ట్రాగాట్ గెర్బర్ అను జర్మను వృక్షశాస్త్రజ్ఞుని పేరును కలిసి జెర్బెరా జేమ్సనీ అను శాస్త్రనామమైనది. 1889లో ఇంగ్లండునందలి కర్టిస్ వృక్షశాస్త్ర పత్రికలో దీని వర్ణనము వెలువడెను. మన పొరుగున బెంగుళూరు లాల్‌బాగులోని గాజుటింటికి పునాది వేసినదియు ఆ యేటనే. పిమ్మట ఇంగ్లండు, ఫ్రాన్సు దేశముల తోటమాలులు సంకరములు చేయగా, నేడు మనము చూచు ఎరుపు, పసుపు, నారింజ, గులాబి, తెలుపు వన్నెలు వచ్చినవి.

చామంతి, బంతి, ప్రొద్దుతిరుగుడు దీనికి దాయాదులు. ఈ కుటుంబమునకు ఒక చిత్రమైన లక్షణము కలదు. మనము ఒక పువ్వు అనుకొనునది నిజమునకు ఒక పువ్వు కాదు. అంచున ఉన్న ప్రతి రేకును ఒక పువ్వే, నడుమ దిద్దిన బొట్టువలె ఉన్న భాగమున వందలకొలది చిన్న పూలుండును. అనగా ఇది పూల సంఘమే. సంఘ సమావేశమున దీని ప్రసక్తి అంత అసందర్భము కాదని ఇందువలన మనవి చేయుచున్నాము.

ఇక పెంపకమునకు వత్తము. వేయి మాటలు మరచినను ఒక్కటి మాత్రము మరువకుడు: మొవ్వు మట్టిలో మునుగరాదు. జెర్బెరాకు కాండము పైకి లేవదు. ఆకులును మొగ్గలును అన్నియు నేలమట్టమున ఒక్కచోటనే పుట్టును. ఆ చోటే మొవ్వు. గులాబిని నాటినట్లు లోతుగా నాటి, మొదట మట్టి ఎగద్రోసి, కాలితో త్రొక్కినచో నీరు అచ్చట నిలిచి మొవ్వు కుళ్ళును. కనుక నాటునపుడు వ్రేలి మందమైనను మొవ్వు మట్టికి పైన ఉండవలెను. మొదట నాలుగు దినములు మొక్క ఊగినట్లుండును. దానికి భయపడి మట్టి పోయకుడు. వేరు పట్టుకొనిన పిమ్మట అదియే నిలుచును. కొన్నాళ్ళకు నీటిపోతవలన మట్టి మొవ్వుమీదికి చేరినచో, వ్రేళ్ళతో మెల్లగా తొలగింపుడు.

రెండవది మట్టి. బార్బర్టన్ కొండ ప్రక్కల నీరు నిలువదు. మన నల్లరేగడి నిలువయుంచును. కుండీకి రెండు పాళ్ళు ఎర్రమట్టి, ఒక పాలు బాగుగా చివికిన పశువుల ఎరువు, ఒక పాలు ఇసుకయో కొబ్బరిపొట్టో కలిపినచో చాలును. పచ్చిపేడ పనికిరాదు. కుండీ జానెడు లోతునకు తక్కువ కారాదు, అడుగున రంధ్రము తప్పక ఉండవలెను. అడుగున పెట్టిన పళ్ళెములో నీరు నిలిచినచో పారబోయుడు. పెరటిలో నాటదలచినవారు జానెడు ఎత్తు మడి కట్టి, మొక్కకు మొక్కకు అడుగు దూరముంచి నాటవలెను.

మూడవది ఎండ. ఉదయపు ఎండ దీనికి అమృతము, వేసవి మధ్యాహ్నపు ఎండ విషము. తూర్పు ముఖము గల వరండా దీనికి మేలైన స్థలము. బొత్తిగా నీడనుంచిన ఆకులు ఏపుగా పెరుగును కాని పువ్వు రాదు. మన హోసూరు సముద్రమట్టమునకు సుమారు 3000 అడుగుల ఎత్తుననుండుటచే ఇచ్చట ఏడాది పొడుగున పూయగలదు. విజయవాడ, యానాముల వంటి ఉష్ణప్రదేశములలోని మన బంధువులు ఇది చలికాలపు పువ్వని తలచి, వేసవిలో మొక్కను నీడన కాపాడుకొనినచో చాలును. అప్పుడు పూలు ఆశింపరాదు.

నాలుగవది నీరు. ఉదయముననే పోయవలెను. మట్టిలో వ్రేలు దూర్చి చూచి, పై అంగుళము ఆరినపుడు మాత్రమే పోయవలెను. చెంబుతో కుండీ అంచున పోయుడు. మొవ్వుమీదను, ఆకులమీదను కుమ్మరింపకుడు. సాయంత్రము తడిసిన ఆకు రాత్రియంతయు తడిగానుండి తెగుళ్ళను పిలుచును. ముసురు పట్టిన దినములలో కుండీని చూరు క్రిందికి జరుపుడు. మేము చెప్పిన ఆశ్వయుజ కార్తికముల చావులలో పెక్కు ఈ ఒక్క పనితో తప్పిపోవును.

ఎరువు విషయమున మేము ఎరువుల వర్తకులమైనను నిజమే చెప్పెదము. మూడు వారములకొకసారి గుప్పెడు చివికిన ఎరువో, వానపాముల ఎరువో కుండీ అంచున వేసి, మట్టిని పైపైన గుల్లచేసిన చాలును. యూరియా ఎక్కువైనచో ఆకులే కాని పూలుండవు. మన బోరుబావుల నీరు తరచు సున్నపు నీరగుటచే, లేత ఆకులు పసుపువన్నెకు తిరిగి ఈనెలు మాత్రము పచ్చగా నిలుచుట కలదు. అది ఇనుము లోపము. లీటరు నీటికి 2 గ్రాముల అన్నభేదియు, ఒక గ్రాము నిమ్మ ఉప్పును కలిపి చల్లినచో తేరుకొనును. వాననీరు పట్టియుంచుకొని పోయగలిగినచో అంతకంటె మేలు.

పురుగులలో తెల్లదోమ, తామరపురుగు, ఎర్రనల్లి ముఖ్యమైనవి. ఆకులో తెల్లని వంకర చారలు గీసినట్లు తొలుచు పురుగు మరియొకటి. వారమునకొకసారి ఆకుల అడుగు భాగము త్రిప్పిచూచుట అన్ని మందులకంటె గొప్ప మందు. చారలు పడిన ఆకును త్రుంచి పారవేయుడు. లీటరు నీటికి 5 మిల్లీలీటర్ల వేపనూనె, నాలుగు చుక్కల సబ్బునీరు కలిపి, ఎండ తగ్గిన పిమ్మట ఆకుల అడుగున పలుచగా చల్లి, రాత్రి పడకముందే ఆరునట్లు చూడుడు. పిల్లలు తిరుగు వరండాలో పొలపు మందులు తెచ్చి కొట్టవలదు. ఈ మాటకు మా దుకాణమున కొంత బేరము తగ్గినను తగ్గుగాక.

పువ్వును కత్తెరతో కోయరాదు. కాడను మొదట పట్టుకొని కొద్దిగా మెలిత్రిప్పి ప్రక్కకు లాగినచో మొత్తము ఊడివచ్చును. కత్తిరించి వదలిన మొండెము కుళ్ళి ఆ కుళ్ళు మొవ్వునకు ప్రాకును. నడిమి బొట్టునందు వెలుపలి రెండు వరుసల చిన్నపూలు విచ్చినపుడు కోసినది ఎక్కువ దినములు నిలుచును. అంతకు ముందే కోసినది మెడ వంచును. పిమ్మట కాడ చివర అంగుళము కత్తిరించి, పాత్రలో రెండు మూడు అంగుళముల నీరు మాత్రమే పోసి ఉంచుడు. దినదినము నీరు మార్చుడు.

విత్తనపు పొట్లముగా వచ్చు డైమార్ఫోథికాను గూర్చి ఒక్క మాట. దాని స్వస్థలము దక్షిణాఫ్రికా పడమటనున్న నమక్వాలాండ్. అచ్చట చలికాలపు వానకు మొలిచి, ఆగస్టు సెప్టెంబరులలో నేలయంతయు నారింజవన్నె తివాసి పరచినట్లు పూయును. మన కార్తికమున చల్లిన సంక్రాంతి నాటికి పూయనారంభించును. నిండు ఎండ కావలెను, ఎరువు స్వల్పముగా చాలును. రాత్రియందును, మబ్బుపట్టిన దినమునందును పూలు ముడుచుకొనును. అది దాని స్వభావము, రోగము కాదు.

కొందరు విక్రేతలు “ఈ మొక్క ఇంటి గాలిని శుభ్రపరచును, నాసావారు తేల్చినారు” అని చెప్పి వెల పెంచుచున్నారు. 1989లో నాసావారు మూసిన చిన్న గదులవంటి పెట్టెలలో జెర్బెరాను కూడ పరీక్షించిన మాట నిజమే. తలుపులు, కిటికీలు గల యింట ఒకటి రెండు కుండీలవలన గాలిలో చెప్పుకోదగిన మార్పు ఉండదని 2019లో ఆ పరిశోధనలన్నిటిని సమీక్షించిన శాస్త్రజ్ఞులు వ్రాసినారు. గాలికొరకు కిటికీ తెరువుడు. కన్నులకొరకు పువ్వును పెంచుడు.

మరియొక ముఖ్య విషయము. మన యువకులు కొందరు పాలీహౌస్ వేసి జెర్బెరా పండింపవలెనని అప్పు ప్రయత్నమున ఉన్నారు. వారిని నిరుత్సాహపరచుట మా ఉద్దేశము కాదు. ఈ ప్రాంతమున దానివలన నిలద్రొక్కుకొనినవారు కలరు. కాని 2020 మార్చిలో కరోనా కారణమున దేశమంతట లాక్‌డౌన్ విధింపబడి పెండ్లిండ్లు, ఉత్సవములు ఆగినపుడు, హోసూరు, బెంగుళూరు పరిసరముల రైతులు విరిసిన పూలను కోసి పారవేయవలసి వచ్చెను. కొనువారు లేకున్నను చెట్టు పూయుట మానదు, కోయకున్న చెట్టు పాడగును, కోత కూలి ఇయ్యక తప్పదు. ప్లాస్టిక్ పూల పోటీ అంతకు తోడు. ఈ పూవునకు వాసన లేదు, కొప్పునకు పనికిరాదు. పెండ్లి పందిరియే దీనికి బజారు. కావున ముహూర్తములు లేని మాసములలో వాయిదా ఎట్లు కట్టుదుమను లెక్క వేసికొనక కాగితముపై సంతకము పెట్టవలదు. ముందు ఒక సంవత్సరము పది మొక్కలు పెరటిలో పెంచి, దాని రోగములను, రుచులను ఎరిగిన పిమ్మట మాటలాడుకొందము.

జెర్బెరా రెండు మూడేండ్లకు గుబురై, పూలు చిన్నవగును. అది ముసలితనము కాదు, ఇరుకు. చెట్టును పెల్లగించి, వేరుతో కూడిన పిలకలుగా విడదీసి, ఎండుటాకులు తీసివేసి, మరల నాటిన క్రొత్త జీవము వచ్చును. సంఘ కార్యాలయపు ఆవరణలోని గుబుర్లు ఇప్పుడు ఆ స్థితిలో ఉన్నవి. సంక్రాంతి వెళ్ళిన మొదటి ఆదివారమున, వానలు లేని ఆ చల్లని దినములలో, వానిని విడదీయ నిశ్చయించితిమి. మీరు రంధ్రముగల కుండీ ఒకటి మాత్రము తీసికొనిరండు. మట్టియు ఎరువును మా దుకాణమునుండి ఉచితముగా వచ్చును. ఒక్కొక్క కుటుంబమునకు ఒక్కొక్క పిలక ఇచ్చెదము. ఎవరి చేతితో వారే నాటుకొనిపోవలెను. మొవ్వు పైననున్నదో లేదో మేము చూచి పంపెదము.