ఒకే సరకునకు ఒకే సుంకము



దిగుమతి సరకుల సుంకవర్గీకరణ మనగానే, నేడు న్యాయశాస్త్ర పట్టములు స్వీకరించుచున్న మీలో కొందరికి ఆవులింత వచ్చిన నేను నొచ్చుకొనను. అయినను 1244లో కాకతీయ గణపతిదేవుడు మోటుపల్లి రేవున వేయించిన అభయశాసనమును తలంపుడు. తుపాను వాతబడి తీరమునకు కొట్టుకొనివచ్చిన ఓడల సొత్తును పూర్వరాజులు బలిమిని హరించుచుండగా, ప్రాణముకంటె ధనమే మిన్న యని యెంచి సాగరము దాటివచ్చు వర్తకులయందు దయగలిగి, నిర్ణీతమైన సుంకము తప్ప తక్కినదెల్ల విడిచితినని ఆయన అందు చాటెను. ఆ సుంకము ముప్పదింట నొకవంతు. అది స్వల్పమగుటకంటె, ఓడ యెక్కకమునుపే వర్తకునికి తెలిసియుండుటయే మేలని నా యభిప్రాయము.

నేడు లెక్క యంత సులభము కాదు. 1988 నుండి లోకమందలి సరకులన్నియు ఆరంకెల పద్దులలో నిమిడియున్నవి. మన దేశమున వానిని ఎనిమిదంకెలకు పొడిగించితిమి. పద్దు మారిన సుంకము మారును. అమెరికాలో కూరగాయలపై నూటికి పది సుంకమును, పండ్లకు మినహాయింపును ఉన్న దినములలో, టమాటా పండేయని దిగుమతిదారులు వాదింపగా, జనులు దానిని భోజనమున నెట్లు వాడుదురో చూచి అది కూరగాయయే యని 1893లో వారి సుప్రీంకోర్టు తేల్చెను. పప్పులో టమాటా వేసుకొను మనకిది వింత గాదు. మన సుప్రీంకోర్టును 1975లో డన్లప్ కేసునందు, వి.పి. లేటెక్స్ అను కృత్రిమ ద్రవము‌ను వర్తకలోకము రబ్బరుగా నెరుగుటచే అది ముడిరబ్బరు పద్దులోనే చేరునని చెప్పి, తగిన పద్దు గల సరకును ‘ఇతరములు’ అను అనాథాశ్రమమునకు త్రోయరాదని మందలించెను.

ఇక విశాఖపట్నమున నొక పద్దునను చెన్నైలో వేరొక పద్దునను అదే సరకు విడుదలయైనచో, ఇరువురు వర్తకులలో నొకడు ఏ తప్పును చేయకయే అంగడిలో నోడిపోవును. అధికారి తన పూర్వాభిప్రాయమును మార్చుకొనరాదని నేననను. మార్చినచో కారణము వ్రాసి, అన్ని రేవులకును ఒక్కనాటినుండియే వర్తింపజేయవలెను. న్యాయమైన భిన్నాభిప్రాయమును వంచనగా చిత్రించి, రెండేండ్ల గడువును అయిదేండ్లకు సాగదీసి వెనుకటి బాకీ యడుగుట మాత్రము నాకు సహింపరానిది.

ముందస్తు నిర్ణయము కోరు వెసులుబాటు చట్టమున నున్నది. కాని ఆ నిర్ణయము కోరినవానికే వర్తించును; అదే సరకును తెచ్చు పొరుగువర్తకుడు దానిని తనకు హక్కుగా చూపజాలడు. ఈ లోపమును దిద్దు పని మీ తరము న్యాయవాదులకు మిగిలియున్నది.